ఎంబ్రాయిడరీ మిషన్‌కి నూలు దారం పెడితే మాటిమాటికీ తెగిపోతంది, ఎవరైనా చెప్పండి

పర్లాకిమిడి టైలరమ్మ:
అందరికీ నమస్తే. మాది పర్లాకిమిడి. ఇంట్లో పెట్టుకునే చిన్న ఎంబ్రాయిడరీ మిషన్ కొని ఎనిమిది నెలలయింది, 4 అంగుళాల ఫ్రేముది. ఇన్నాళ్లూ మెరుపు పాలిస్టర్ దారమే వాడేను, ఏ గొడవా లేదు. మొన్న మా ఆడపడుచు ఇటుక రంగు పొందూరు ఖద్దరు ముక్క తెచ్చి, వదినా దీని మీద సవర గిరిజనుల బొమ్మలు వేసిపెట్టు అంది, అదే గోడల మీద తెల్లగా వేస్తారు కదా, చెట్టూ ఏనుగూ చేతులు పట్టుకుని ఆడేవాళ్లూ, అవి. పాలిస్టర్‌తో వేస్తే ఆ నిగనిగ చూసి నాకే నవ్వొచ్చింది, గోడకి ప్లాస్టిక్ అతికించినట్టుంది. సరే అని తెల్ల నూలు దారం తెచ్చి పెట్టేను. ఇంక చూస్కోండి, రెండు నిమిషాలకోసారి తెగిపోడం, కింది దారం చుట్టే బాబిన్ దగ్గర పిచ్చిక గూడులాగ చిక్కు పడిపోడం, సూది చుట్టూ తెల్ల నూగు. టెన్షన్, అదే దారం బిగువు, బిగించి చూసేను, ఇంకా ఎక్కువ తెగుతంది. మిషన్ పాడైపోద్దేమో అని మా ఆయన భయపెడతన్నారు. అసలు నూలు దారం దీనికి పనికిరాదా?

రాయగడ బొటిక్:
పనికొస్తుందమ్మా, భేషుగ్గా పనికొస్తుంది, నేను ఆరేళ్లుగా వాడతన్నాను. ముందు ఒకటి చెప్పు, నువ్వు తెచ్చిన దారం ఏది? రీలు మీద ఏ నంబరుంది? చేత్తో కుట్టే ఆరు పోగుల లచ్చీ అయితే మిషన్‌కి పెట్టకు. చేత్తో బొంత కుట్టే దారం కొన్నిటికి మైనం లాంటి పూత ఉంటది, అది కూడా వద్దు, ఆ పూత దారాన్ని నొక్కిపట్టే టెన్షన్ బిళ్లల్లో పేరుకుపోద్ది. మిషన్ ఎంబ్రాయిడరీకని వచ్చే మెర్సరైజ్డ్ నూలు దారమే తీసుకో. మెర్సరైజ్ అంటే కాస్టిక్ సోడాలో ఊరబెట్టి లాగి పట్టి ఉంచుతారు, దానివల్ల దారానికి బలమూ వస్తది, కొంచెం మెరుపూ వస్తది, కానీ పాలిస్టర్ అంత మెరుపు కాదు.
ఇంకోటి, టెన్షన్ బిగించడం కాదు, వదులు చెయ్యాలి. నూలు పాలిస్టర్‌లాగ సాగదు, లాగితే టప్పుమని తెగుద్ది. పైన ఒకటో రెండో నంబర్లు తగ్గించు. స్పీడు కూడా సగానికి దించు, నేను నిమిషానికి 400 కుట్లు దాటనివ్వను, ఆలోగా చాయ్ తాగొచ్చు.

పర్లాకిమిడి టైలరమ్మ:
అక్కా రీలు మీద 30 అని ఉంది. సూది మిషన్‌తో వచ్చిన 11 నంబరే. 30 అంటే సన్నం అనుకున్నాను 🙈

రాయగడ బొటిక్:
అక్కడే ఉంది కిటుకు. ఈ నంబరు తిరగేసి చదవాలి, నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం. మామూలుగా మనకి దొరికే డిజైన్లన్నీ 40 నంబరు దారానికి లెక్కేసి చేసినవే. నీది 30, అంటే లావు. లావు దారాన్ని 11 సూది కంట్లోంచి లాగితే రాసుకుని పీచు రేగిపోద్ది, ఆ నూగు సగం అదే. 14 నంబరు సూది పెట్టు, టాప్‌స్టిచ్ సూది దొరికితే ఇంకా మంచిది, కన్ను పెద్దదుంటది. లేదా 50 నంబరు నూలు దారం తెచ్చుకుని 11 సూదితోనే కానియ్.
డిజైన్ కూడా చూసుకో. నిండుగా నింపే కుట్టు అయితే లావు దారం ఒకదాని మీదొకటి ఎక్కి గుడ్డ అట్టలాగ అయిపోద్ది. డెన్సిటీ, అంటే కుట్ల ఒత్తు, తగ్గించాలి, ఆ సౌకర్యం లేకపోతే కుట్ల లెక్క మారకుండా బొమ్మని పదో పదిహేనో శాతం పెద్దది చెయ్. సవర బొమ్మలు గీతలే కాబట్టి నీకు అంత బాధ లేదు. బాబిన్‌లో మాత్రం నూలు పెట్టకు, ఎప్పుడూ పెట్టే సన్న బాబిన్ దారమే ఉంచు.

బరంపురం మెకానిక్:
మీ ఆయనకి చెప్పండమ్మా, నూలు దారం వల్ల మిషన్ పాడవదు, నూగు తియ్యకపోతే పాడవుద్ది. నా దగ్గరికి వచ్చే ఇళ్ల మిషన్లలో బాబిన్ కేసు కింద దూదిపింజల్లాగ ఉంటది, తీసి చూపిస్తే వాళ్లే ఆశ్చర్యపోతారు. నూలు వాడితే రెండు మూడు బాబిన్లకోసారి సూది ప్లేటు విప్పి బ్రష్‌తో తియ్యండి. నోటితో ఊదొద్దు, నూగు లోపలికి పోద్ది, తడి కూడా తగులుద్ది.
దారం మార్చేటప్పుడు రీలు దగ్గర కత్తిరించి సూది వైపునుంచి లాగండి. అందరూ రీలు పట్టుకుని వెనక్కి లాగేస్తారు, నూగంతా టెన్షన్ బిళ్లల మధ్య ఇరుక్కుంటది. దారం ఎక్కించేటప్పుడు గుడ్డని నొక్కే మిషన్ పాదం పైకెత్తి ఉండాలి, లేకపోతే దారం బిళ్లల మధ్యకి దిగదు. కింద పిచ్చిక గూడు అన్నారు చూడండి, పదిలో ఎనిమిదిసార్లు తప్పు కింద కాదు, పై దారం సరిగ్గా ఎక్కకే.

రాజురా నుంచి:
మా దిక్కు ఎటు చూసినా పత్తే, చంద్రపూర్ జిల్లా కదా, గని మిషన్ నూలు దారం మాత్రం ఆన్‌లైన్‌ల తెప్పించుకోవాలె, గిదేం విచిత్రమో. నా మాటైతే ఇంత తిప్పలెందుకు, మెరుపు లేని మ్యాట్ పాలిస్టర్ దారం కూడా వస్తది, అది పెట్టుకో చెల్లె, తెగది, నూగు రాదు.

రాయగడ బొటిక్:
అది మంచిదే, కాదనను. కానీ చేత్తో వడికిన ఖద్దరు మీద పాలిస్టర్ వెయ్యడానికి నాకు చెయ్యి రాదు. పొందూరులో ఆ దూదిని వాలుగ చేప దవడతో దువ్వి వడుకుతారు, అంత కష్టం మీద... సరేలే, ఎవరిష్టం వాళ్లది.
టైలరమ్మా, మర్చిపోయేను, కుట్టకముందే ఖద్దరు ఉతుకు. ఒకటి, గుడ్డ కుంచించుకుపోద్ది, తర్వాత బొమ్మ చుట్టూ ముడతలొస్తాయి. రెండు, ఇటుక రంగు దిగితే నీ తెల్ల దారం గులాబీ రంగుకి తిరిగిపోద్ది.

పర్లాకిమిడి టైలరమ్మ:
చేసేనండి అందరికీ థాంక్స్! గుడ్డ తడిపితే నిజంగానే నీళ్లు ఎర్రగా వచ్చేసేయి, మూడుసార్లు ఉతికితే గానీ ఆగలేదు. 14 సూది, టెన్షన్ తగ్గించి, స్పీడు తగ్గించి, ప్లేటు విప్పి తీస్తే వేలెడు దూది వచ్చింది, ఫోటో పెడదామంటే సిగ్గేసింది. ఆడేవాళ్ల వరస మొత్తం ఒక్కసారీ తెగకుండా వచ్చింది, ముగ్గుతో వేసినట్టే ఉంది. ఏనుగు దగ్గర మాత్రం రెండుసార్లు తెగింది, దాని పొట్ట నిండా నింపుడు కుట్టే. ఏనుగుని కూడా ఉత్త గీతతో వెయ్యమంటారా, 50 నంబరు దారం తెచ్చి మళ్లీ చూడనా?

రాయగడ బొటిక్:
గీతతోనే వేసెయ్ అమ్మా, లోపల ఖద్దరు కనబడితేనే అందం.