సమస్య: విందునకుఁ బోయి యాఁకలి వెంటఁ దెచ్చె

నిర్వాహకుడు: 2017 నవంబరు 28 రాత్రి ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు ముఖ్య అతిథులకు ఫలక్‌నుమా ప్యాలెస్‌లో విందిచ్చారు గదా. అక్కడి 101 కుర్చీల బల్ల ఫొటో నిన్న మళ్లీ కంటపడింది, ఈ పాదం తట్టింది. దీన్నే చివరి పాదంగా పెట్టి మిగతా మూడూ సదస్సు విందు మీదే పూరించండి.

గోదారిగట్టు:
ఫలకునుమ బల్ల పొడవును పాఱఁ జూచి
నూట యొక్క పీఠములను నోరు దెఱచి
లెక్క పెట్టుచు నుండఁగ లేచి రెల్ల
విందునకుఁ బోయి యాఁకలి వెంటఁ దెచ్చె

యతిప్రియ: మూడో పాదం భేష్. లెక్క తేలేలోపే అందరూ చేతులు కడిగేసుకున్నారు! కానీ కర్త ఏడండీ? ‘లేచి రెల్ల’ తర్వాత ‘తెచ్చె’ అంటే ఎవరు తెచ్చినట్టు? ‘ఫలకునుమ బల్ల నొక కవి పాఱఁ జూచి’ అనండి. గణం చెడదు, కర్తా దొరుకుతాడు.

గోదారిగట్టు: మంచి సవరణ. ‘పొడవు’ పోయిందనే బాధ. ఆ బల్లకి పొడవే గదా అందం.

పాతబస్తీ: ఆ గదిలో ఒక కొసన మెల్లగా మాట్లాడినా రెండో కొసకి వినిపిస్తుందని చూపించేవాళ్లు చెబుతారు. దాన్నే పట్టుకున్నాను.
ఒక్క చివరను గుసగుస లొకరు వలుక
బల్ల యావలి కొననున్న పండితుండు
తన్నుఁ దెగడుట విని యింకఁ దాళలేక
విందునకుఁ బోయి యా కలి వెంటఁ దెచ్చె

నల్లరేగడి: కలి అంటే తగవు! ‘ఆఁకలి’ని ‘ఆ కలి’గా విడగొట్టారు, విరుపంటే ఇదీ. ఇవాళ్టికి ఇదే పద్యం. ఆవలి కొనన ఉన్న పండితుడెవరో పోల్చుకున్నాం లెండి.

యతిప్రియ: విరుపు బాగుంది, కాదనను. మరి ఆఁకలిలో అరసున్న (ఁ) ఎటు పోయింది? నిర్వాహకులు స్పష్టంగా రాసి ఇచ్చారే.

పాతబస్తీ: అవధానంలో పృచ్ఛకుడు, అంటే ప్రశ్న అడిగేవాడు, సమస్యను నోటితో ఇస్తాడు. అరసున్న చెవికి వినపడదు. క్రిందటి నెల నా కంద పద్యంలోనూ మీరు ర–ఱ ప్రాస దగ్గరే ఆగిపోయారు, భావం చూడలేదు.

తంగేడు: నాకు మొదటి పాదమే కుదిరింది. ‘నిజాము మురిసినట్టి మేడలో నిలిచినాఁడు’.

యతిప్రియ: తంగేడు గారూ, ఈ సమస్య తేటగీతి పాదం, అది ‘నిజాము’తో ఎత్తుకోదు, మొదటి సూర్యగణమే తప్పింది. ‘ఆఱవ నిజాము మురిసిన యట్టి మేడ’ అని చూడండి. చరిత్రా సరిపోతుంది, యతీ కుదురుతుంది.

పాతబస్తీ: మురిసింది ఆరో నిజాం మహబూబ్ అలీఖానే, నిజం. 1884లో పని మొదలుపెట్టి కట్టించింది మాత్రం పైగా వంశపు నవాబు వికార్-ఉల్-ఉమ్రా. ఆయన పేరు ఒక్క పూరణలోనూ రాలేదు. తంగేడు గారూ, రెండో పాదం ఆయనకివ్వండి.

నిర్వాహకుడు: అరసున్న విషయంలో నేను పాతబస్తీ గారి వైపే. విరుపు చెల్లుతుంది.

యతిప్రియ: సరే, మీ తీర్పు శిరోధార్యం. ఆ కందం సంగతి వేరు. ఱకారాన్ని రకారంతో ప్రాస కలపడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పాతబస్తీ గారూ, ఆ మూడో పాదం మళ్లీ రాసి పెట్టండి, చూస్తాను.