చర్చ: నాన్-బ్లాకింగ్ కనెక్ట్‌లో కనెక్షన్ కుదిరిందో లేదో ఎలా తేలుస్తున్నారు?

శ్రావణి_బ్యాకెండ్
ఈపోల్ (ఏ సాకెట్‌లో, అంటే ఏ నెట్‌వర్క్ కనెక్షన్ కొసలో, ఏం జరిగిందో చెప్పే లైనక్స్ సదుపాయం) మీద సొంత ఈవెంట్ లూప్ రాస్తున్నాం. కనెక్ట్ నాన్-బ్లాకింగ్ కాబట్టి పూర్తయ్యేదాకా ఆగదు, పిలవగానే ఈఇన్‌ప్రోగ్రెస్ (‘ఇంకా జరుగుతోంది’) వస్తోంది, అంతవరకు సరే. ఈపోల్‌అవుట్ (సాకెట్ రాయడానికి సిద్ధం అనే సంకేతం) వచ్చాక రైట్ చేస్తే ఒక్కోసారి కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటోంది. టైమౌట్ ఎంత పెట్టాలి? రీట్రైల మధ్య ఎంత ఆగాలి?

పాత_లైనక్స్
ఈపోల్‌అవుట్ అంటే కనెక్ట్ సంగతి తేలిపోయిందని, అంతే. కుదిరిందని కాదు. గెట్‌సాక్‌ఆప్ట్ కాల్‌తో సో_ఎర్రర్ (సాకెట్‌లో ఉండే ఎర్రర్ కోడ్) చదవండి. సున్నా అయితేనే కుదిరినట్టు. లేదంటే ఆ సాకెట్ మూసేసి కొత్తది తెరవండి. పాతదాని మీదే మళ్లీ కనెక్ట్ పిలిస్తే అన్ని సిస్టమ్‌లలో నడవదు.

కెర్నల్_పిచ్చి
సో_ఎర్రర్ చదవగానే చెరిగిపోతుంది, అది చెప్పకుండా వదిలేస్తే ఎలా? లాగ్ కోసం ఒకచోట, నిర్ణయం కోసం ఇంకోచోట చదివితే రెండోసారి సున్నా వస్తుంది. చచ్చిన సాకెట్ పూల్‌లోకి (వాడటానికి సిద్ధంగా ఉంచిన కనెక్షన్లలోకి) చేరుతుంది. ఒక్కసారే చదివి వేరియబుల్‌లో దాచుకోవాలి.

నోడ్_నాని
అసలు ఆగేది కనెక్ట్ దగ్గర కాదు, గెట్‌ఆడర్‌ఇన్ఫో దగ్గర! పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చే ఆ కాల్ బ్లాకింగ్, జవాబు వచ్చేదాకా థ్రెడ్‌ని ఆపేస్తుంది. నోడ్‌లో లిబ్‌యూవీ (దాని ఈవెంట్ లూప్ లైబ్రరీ) థ్రెడ్‌పూల్‌కి పోతుంది, డిఫాల్ట్‌గా 4 థ్రెడ్‌లు. డీఎన్‌ఎస్ నెమ్మదిస్తే నాలుగూ ఇరుక్కుని ఫైల్ రీడ్‌లు కూడా ఆగిపోతాయి.

కెర్నల్_పిచ్చి
తప్పు. లిబ్‌యూవీ ఇలాంటి నెమ్మది పనులకి సగం థ్రెడ్‌లే ఇస్తుంది. 4 ఉంటే 2. ఫైల్ రీడ్‌లకి దారి ఉంటుంది.

నోడ్_నాని
పాత వెర్షన్‌లలో ఆ పరిమితి లేదు బ్రో. ప్రొడక్షన్‌లో అందరూ కొత్తదే నడుపుతున్నారా?

కెర్నల్_పిచ్చి
పాతదాని సంగతి అయితే పాతదని రాయాలి. చదివినవాళ్లు అదే నిజమనుకుంటారు. పైగా 2 అంటే నీ వాదనకే బలం: రెండు పేర్లు ఇరుక్కుంటే మూడోది క్యూలోనే. సీ-ఏరెస్ లాంటి అసింక్ రిజాల్వర్ (థ్రెడ్‌ని ఆపకుండా పేర్లు వెతికే లైబ్రరీ) వాడితే ఈ గొడవే ఉండదు.

పాత_లైనక్స్
మీరిద్దరూ ఆపండి, ఆవిడ అడిగింది టైమౌట్. కెర్నల్‌కి వదిలేస్తే టీసీపీ_సిన్_రీట్రైస్ (సిన్, అంటే కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్, మళ్లీ పంపడాల సెట్టింగ్) డిఫాల్ట్ 6, రెండు నిమిషాలు దాటుతుంది. సొంత టైమర్ తప్పదు. కానీ సరిగ్గా 1 సెకను పెట్టకండి: మొదటి సిన్ పోతే మళ్లీ పంపేది 1 సెకను తర్వాతే, అది వెళ్లేలోపే మీరు మూసేస్తారు. 3 సెకన్ల పైన కొంచెం ఉంచండి.

లూప్_లక్ష్మి
ఆ టైమర్‌తోనే అసలు తలనొప్పి. టైమర్ 17వ ఎఫ్‌డీ (సాకెట్‌కి కెర్నల్ ఇచ్చే నంబర్) మూసింది, వెంటనే కొత్త సాకెట్‌కి అదే 17 దక్కింది. ఈపోల్_వెయిట్ ఒకేసారి తెచ్చిన ఈవెంట్లలో పాత 17ది ఇంకా మిగిలుంటే? కొత్త కనెక్షన్‌కి అంటగడతాం. ఈపోల్ డేటాలో ఎఫ్‌డీతో పాటు ఒక వరుస సంఖ్య పెట్టి, సరిపోలకపోతే ఆ ఈవెంట్‌ని వదిలేయండి.

సాకెట్_సూరి
యునిక్స్ సాకెట్లకి (ఒకే మెషీన్‌లోని ప్రోగ్రామ్‌ల మధ్య వాడేవి) ఈ ఈఇన్‌ప్రోగ్రెస్ లెక్క వర్తించదు. బ్యాక్‌లాగ్ (సర్వర్ ఇంకా తీసుకోని కనెక్షన్ల క్యూ) నిండితే లైనక్స్‌లో ఈఎగైన్ (‘మళ్లీ ప్రయత్నించు’) వస్తుంది, ఈఇన్‌ప్రోగ్రెస్ కాదు. కనెక్ట్ మొదలే కాలేదు, ఈపోల్‌లో ఎదురుచూసి లాభం లేదు. కాసేపాగి కనెక్ట్ మళ్లీ పిలవాల్సిందే.