లెడ్‌విల్ నూరు మైళ్ల పరుగు: ఎత్తు, గడువు, చరిత్ర – పాల్గొన్నవారి అనుభవాలు

కొండదారి:
మైదాన ప్రాంతాల్లో నూరు మైళ్లు పూర్తి చేసినవారు సైతం లెడ్‌విల్‌లో సగం దారిలో ఆగిపోవడం చాలాసార్లు చూశాను. లెక్కల్లో చూస్తే అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని ఈ పరుగు మరీ భయపెట్టేదిగా కనిపించదు. మొత్తం ఎక్కవలసింది సుమారు 4,800 మీటర్లు కాగా, అదే రాష్ట్రంలోని హార్డ్‌రాక్ పరుగులో అది దాదాపు 10,000 మీటర్లు. అయినా లెడ్‌విల్‌లో బయలుదేరినవారిలో ఇంచుమించు సగం మంది గడువులోగా తిరిగి రాలేకపోతున్నారు. కారణం ఎత్తా, గడువా? అక్కడ పరిగెత్తినవారూ, పేసర్లుగా (పరుగుకారుడికి తోడుగా పరిగెత్తేవారిగా) వెళ్లినవారూ చెప్పగలరని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నిలకడ:
రెండూ కలవడమే కారణమని నా అభిప్రాయం. హార్డ్‌రాక్‌లో 48 గంటలు ఇస్తారు కనుక అక్కడ నడిచి నెట్టుకురావచ్చు; లెడ్‌విల్‌లో 30 గంటలే కాబట్టి చదునుగా ఉన్నచోటల్లా పరుగు తీయక తప్పదు. ఊరే సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉంది. దారి మొత్తంలో అతి తక్కువ ఎత్తు ట్విన్ లేక్స్ దగ్గర, అదీ 2,800 మీటర్లు. ఊళ్లో గాలి పీడనం సముద్రమట్టం మీద ఉండేదానిలో పదింట ఏడు వంతులే ఉంటుంది. 3,840 మీటర్ల ఎత్తున్న హోప్ పాస్ అనే కనుమ మీద ఇంకా తక్కువ. దిగువకు వెళ్లి ఊపిరి కూడదీసుకుందామంటే ఆ దిగువే లేదు. ముందుగా మొరాయించేది కాళ్లు కాదు, కడుపు. శ్రమకూ ఎత్తుకూ సరిపడా రక్తాన్ని శరీరం కండరాలకు మళ్లిస్తుంది కాబట్టి, జీర్ణాశయానికి అందేది తగ్గి, ఇంట్లో హాయిగా మింగిన శక్తినిచ్చే జెల్ అక్కడ గొంతు దిగదు. తినలేనివాడు వేగం కోల్పోతాడు, వేగం పోతే కటాఫ్ (చేరవలసిన గడువు) తరుముకొస్తుంది.

పాతగని:
ఈ పరుగు ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని స్వభావం కొంత అర్థమవుతుంది. ఊరికి దగ్గరలో ఉన్న క్లైమాక్స్ మాలిబ్డినమ్ గని 1982లో మూతపడి, వేల మంది ఒక్కసారిగా ఉపాధి కోల్పోయారు. ఆ గని కార్మికుల్లో ఒకరైన కెన్ క్లౌబర్, బయటివారు వచ్చి ఒక రాత్రయినా ఊళ్లో బస చేసేలా ఏదైనా జరగాలని కోరుకున్నారు. నూరు మైళ్ల పోటీ పెట్టాలన్న జిమ్ బుటేరా ఆలోచన ఆయనకు అలా కలిసివచ్చింది. మెరిలీ మాపిన్ కూడా చేయి కలిపారు. 1983లో జరిగిన మొదటి పోటీలో బయలుదేరింది నలభై అయిదు మంది, గడువులో చేరింది పది మంది. అంత ఎత్తులో ఎవరైనా ప్రాణం మీదికి తెచ్చుకుంటారని భయపడినవారు ఊళ్లోనే ఉన్నారట, వారిని తప్పుపట్టలేం.

తర్వాతి ఘట్టం నాకు మరీ ఇష్టం. మెక్సికోలోని కాపర్ కాన్యన్ ప్రాంతపు రారామురి పరుగుకారులు 1992లో వచ్చి పూర్తి చేయలేకపోయారు. మరుసటి ఏడు మళ్లీ వచ్చారు. ఆ 1993 పోటీలో యాభై అయిదేళ్ల విక్టోరియానో చురో గెలిచారు, అదీ పాత టైరు ముక్కలతో చేసిన చెప్పులతో. 1994లో అమెరికా పరుగుకారిణి ఆన్ ట్రేసన్ సగం దారి దాటాక కూడా అందరికంటే ముందున్నారు. తిరుగుదారిలో రారామురి పరుగుకారుడు హువాన్ హెరెరా ఆమెను దాటి 17 గంటల 30 నిమిషాల చిల్లరలో ముగించగా, ఆమె 18 గంటల 6 నిమిషాలకు రెండో స్థానంలో వచ్చారు. ఆ మహిళల రికార్డు మూడు దశాబ్దాలకు పైగా నిలిచింది. పురుషులలో మాట్ కార్పెంటర్ 2005లో నెలకొల్పిన 15:42:59ను 2024లో డేవిడ్ రోష్ 15:26:34తో చెరిపేశారు. 2010లో పోటీ ఒక పెద్ద వ్యాయామశాలల సంస్థ చేతికి వెళ్లాక జనం బాగా పెరిగారు. ఇరుకు దారుల్లో ఆ రద్దీ నాకు నచ్చదు, కానీ ఊరి హోటళ్లు నిండుతున్నాయంటే మొదటి ఉద్దేశం నెరవేరినట్టే కదా.

తోడుపరుగు:
పాతగని గారు గనుల మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ఒకప్పుడు గనులకు కంచరగాడిదలు సరకు మోసినట్టే, ఇక్కడ పేసర్ తన పరుగుకారుడి నీళ్లూ తిండీ మోయవచ్చు. చాలా పోటీల్లో ఇది నిషిద్ధం. హోప్ పాస్ దగ్గరి ఎయిడ్ స్టేషన్‌కు (తిండీ నీళ్లూ అందించే చోటుకు) సామాన్లు లామాల మీద చేరతాయి. పేసర్‌గా నేను చూసినంతలో అసలు పరీక్ష హోప్ పాస్ కాదు, తిరుగుదారిలో వచ్చే పవర్‌లైన్ ఎక్కుడు. కరెంటు స్తంభాల వెంట చీకట్లో ఎక్కుతుంటే ఇదే కొస అనిపించిన ప్రతిచోటా హెడ్‌ల్యాంప్ వెలుగులో మరో మలుపు తేలుతుంది. ఆగస్టు నెలే అయినా చెమటతో తడిసిన చొక్కా నిమిషాల్లో మంచుముద్దలా తగులుతుంది. నేను తోడు వెళ్లిన ఆయన అక్కడ కూర్చుంటానన్నప్పుడు కూర్చోనివ్వలేదు. ముందు పొడి చొక్కా తొడిగించి, గోరువెచ్చని సూప్ గుక్కగుక్కగా తాగించాను. వణుకు మొదలయ్యాక అక్కడ కుదురుకోవడం చాలా కష్టం.

కొండదారి:
అందరికీ కృతజ్ఞతలు. ఎత్తుకు అలవాటుపడటానికి ఎన్నాళ్ల ముందు చేరుకోవాలి? ముందు రోజు వెళ్లడమే మేలని కొందరు అంటున్నారు.

నిలకడ:
వీలైతే మూడు వారాల ముందు. సెలవు దొరకనివారికి ముందు రోజు వెళ్లడం రెండో మార్గమే తప్ప మొదటిది కాదు. తొలి నాలుగైదు రోజుల్లో నిద్ర సరిగా పట్టదు, రక్తంలో ద్రవభాగం తగ్గుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే పోటీ పడేలా ప్రయాణం పెట్టుకోవడం అన్నింటికంటే చెడ్డది.

తోడుపరుగు:
దీనితో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేర్చాలి. తలనొప్పి, వికారం చాలామందికి వస్తాయి, వేగం తగ్గిస్తే సర్దుకుంటాయి. కానీ ఆగి నిలుచున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గులో గళ్ల పడుతున్నా, నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా అది ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతున్న సూచన కావచ్చు. అప్పుడు కటాఫ్ సంగతి మరచి వైద్య సిబ్బందికి చెప్పి కిందికి దిగాలి.

పాతగని:
మరొక్క చిన్న విషయం. ట్విన్ లేక్స్‌కూ హోప్ పాస్‌కూ మధ్య ఏరు దాటాలి, చుట్టూ చిత్తడి నేల. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ పాదాలు తడుస్తాయి. కాబట్టి పొడి మేజోళ్లు, బూట్లు, రాత్రి జాకెట్టు ఉన్న సంచిని తిరుగుదారిలో ట్విన్ లేక్స్‌లో అందేలా చూసుకోండి. వెళ్లేటప్పుడే మార్చుకుంటే కాసేపటికే మళ్లీ తడుస్తాయి.