ఈ వారం సమస్య: పాలు మానినవాఁడె గోపాలసఖుఁడు

నిర్వాహకుడు:

ఈ వారం సమస్యాపూరణానికి తేటగీతి పాదం ఇస్తున్నాను. ఇదే చివరి పాదంగా అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు మీరు రాయాలి.

"పాలు మానినవాఁడె గోపాలసఖుఁడు"

మన గుంపులో 'సర్వపిండి' గారు సంక్రాంతి తర్వాత వీగన్ అయ్యారు. పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, తేనె అన్నీ బంద్. "మాంసం మానేసినప్పుడు ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. పెరుగు మానేసేసరికి మాత్రం రెండు వైపుల చుట్టాలూ ఒక్కటయ్యారు" అని మొన్న వాపోయారు. ఆ మాట మీదే పుట్టిందీ పాదం. ఉట్టి మీది వెన్న కోసం రోలెక్కినవాడికి పాలు మానినవాడు స్నేహితుడెలా అవుతాడు? చిక్కు అదే. విప్పండి.

కొత్తవాళ్లకు: పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అది పొత్తు కుదరాలి. దానికి బదులు, ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి చెల్లుతుంది. పాలు తాగేవాళ్లనీ మానేసినవాళ్లనీ తిట్టే పద్యాలు వద్దు.

కృష్ణాతీరం:

బోణీ నాదే.

వెన్న తేలేదు మీగడ వెంట లేదు
చిరుగు కొంగున ముడివైచి చేతఁబట్టి
అటుకులే యిచ్చి మెప్పించె నాప్తుఁ డగుచు
పాలు మానినవాఁడె గోపాలసఖుఁడు

కుచేలుడండీ. పేరు చెప్పకుండా చెప్పాను.

నిర్వాహకుడు:

నడక హాయిగా ఉంది. "చిరుగు కొంగున ముడివైచి" దగ్గర బొమ్మ కళ్లకు కడుతోంది. కానీ ఒక్క ప్రశ్న. కుచేలుడు పాలు మానాడా, ఆయనకు పాలు దొరకలేదా? ఇరుగుపొరుగును అడిగి తెచ్చిన అటుకులవి. ఇంట్లో ఉండీ వద్దనుకుంటేనే మానడం. లేనివాడి లేమికి ఆ మాట వాడితే అన్వయం కుంటుతుంది.

కృష్ణాతీరం:

నిజమే గురువుగారూ. అయినా సఖుడంటే నా నోట కుచేలుడే వస్తాడు. పద్యాన్ని ఇలాగే ఉంచేస్తాను.

సర్వపిండి:

మీ అన్వయం సంగతేమో గానీ నాకు మాత్రం పద్యం పనికొస్తుంది. చుట్టాలింటికి వెళ్లేటప్పుడు స్వీట్ల డబ్బా బదులు బెల్లం అటుకులు పట్టుకెళ్తాను. ఎవరైనా మొహం చిట్లిస్తే ఇది చదువుతాను.

ఇక నా పూరణ:

పల్లి పాలను తోడేసి పట్టుఁ బట్టి
తాత తిట్టిన నగుచు నే దాటుకొంటి
దూడ పాలవి దూడకే దొరకనిమ్ము
పాలు మానినవాఁడె గోపాలసఖుఁడు

అరసున్న:

గణాలు, యతులు సరి. "తోడేసి" మాత్రం వ్యావహారికం. పైగా పాలను తోడెయ్యం, పాలకు తోడేస్తాం. "పల్లి పాలకుఁ దోడిడి" అనండి, గణం చెడదు.

సర్వపిండి:

"పాలకు" ఒప్పుకుంటానండీ. "తోడిడి" అని మా అమ్మతో అంటే జ్వరం వచ్చిందేమో అని నుదురు పట్టుకుని చూస్తుంది.

నిర్వాహకుడు:

"పల్లి పాలకు తోడేసి" అని ఉంచండి. గ్రాంథికంగా ఉండాలనే నియమం మనం పెట్టుకోలేదు. మూడో పాదం సూటిగా, ఒక్క అలంకారం లేకుండా నిలబడింది. రెండో పాదం నుంచి మూడో పాదానికి మాత్రం గెంతినట్టుంది. తాత ఎందుకు తిట్టాడో ఒక్క మాట పడితే అతుకు కనబడదు. అది సరే, పల్లీలతో పెరుగు నిజంగా తోడుకుంటుందా?

సర్వపిండి:

తోడుకుంటుంది. పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొద్దున పొట్టు పిసికి తీసెయ్యాలి. ఓపిక కావాల్సింది ఇక్కడే, బద్ధకిస్తే వగరొస్తుంది. మెత్తగా రుబ్బి, పల్చటి బట్టలో పిండి, ఆ పాలు అడుగంటకుండా కలుపుతూ కాచాలి. గోరువెచ్చగా అయ్యాక నాలుగు పచ్చిమిరపకాయల తొడిమలు వేసి మూత పెడితే మర్నాటికి గడ్డకడుతుంది. మొదటిసారి కాస్త జిగురుగా వస్తుంది. ఆ గిన్నెలోదే ఒక చెంచా తీసి మళ్లీ తోడేస్తే నయం. అయినా పల్లీ వాసన ఎక్కడికీ పోదు. అల్లం, కరివేపాకు, ఆవాల పోపు పెడితేనే మా ఇంట్లో చెల్లింది. తాత తిట్టింది ఈ గిన్నెను చూసే: "పెరుగన్నం తినకుండా లేచే మనిషిని మా వంశంలో చూడలేదు" అన్నాడు.

అరసున్న:

తాతగారి మాట సంగతి సరే. డాక్టర్ల మాట ఏమిటి? కాల్షియం, ప్రోటీన్, బి12?

సర్వపిండి:

ఈ మూడూ మా మేనమామ రోజూ అడుగుతాడు. బి12 విషయంలో ఆయన మాటే రైటు. మొక్కల ఆహారంలో అది నమ్మదగినంత దొరకదు. మాత్రలైనా వేసుకోవాలి, బి12 కలిపిన పదార్థాలైనా తినాలి. నేను డాక్టర్ని అడిగి మాత్ర వేసుకుంటున్నాను. ఆ సంగతి ఒప్పుకున్నాకే మామయ్య గొంతు తగ్గింది. కాల్షియానికి వస్తే, 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, ఆవుపాలలో 120 దాకా. ఒంటికి పట్టేదంతా ఒకేలా ఉండదనుకోండి. నువ్వులు, ఆకుకూరలు కూడా చూసుకుంటున్నాను. ప్రోటీన్ అంటారా, పప్పు లేని పూట మనకెక్కడుంది?

అసలు కష్టం కొట్లో. ఆకుపచ్చ చుక్క చూసి బిస్కెట్ కొంటే వెనక పాలపొడి ఉంటుంది. ఆ చుక్క శాకాహారం అని చెబుతుందంతే, పాలు లేవని కాదు. వీగన్ పదార్థాలకు కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో వేరే నిబంధనలు, వేరే గుర్తు తెచ్చింది గానీ మా వీధి కొట్లో ఆ గుర్తున్న ప్యాకెట్ ఇంకా చూడలేదు.

ఎర్రమిరప:

మీరంతా మరీ మెత్తగా మాట్లాడుతున్నారు. నా పూరణ:

రక్తమును పాలుగాఁ ద్రాగు రాక్షసులకు
బుద్ధి చెప్పుట మా వంతు పుడమిపైన
జాలి లేనట్టి జనులార చదువుడయ్య
పాలు మానినవాఁడె గోపాలసఖుఁడు

నిర్వాహకుడు:

తిట్టు పద్యాలు వద్దన్నాను. తీసేద్దామనుకుని ఆగాను, ఎందుకంటే ఇందులో ఛందస్సు పరంగా వేలు పెట్టడానికి చోటు లేదు. ప్రతి గణం సరి, ప్రతి యతి సరి. అయినా పూరణ కాలేదు. పాలు తాగేవాళ్లు రాక్షసులైతే గోకులంలో వెన్న తిన్నవాడిని ఏమనాలి? మొదటి పాదంలో అతన్నే రాక్షసుణ్ని చేసి, నాలుగో పాదంలో అతని స్నేహితుణ్ని మెచ్చుకుంటున్నారు. చిక్కుముడి విప్పమంటే ఇంకో ముడి వేశారు. "చదువుడయ్య" కూడా పాదం నిండడానికి వేసిందే. ఏం చదవాలి?

ఎర్రమిరప:

సరే, ఆ తర్కానికి నా దగ్గర జవాబు లేదు. కానీ పాల వ్యాపారంలో మగదూడల గతి ఏమిటో ఎవరైనా అడిగారా? "నువ్వు తినకపోతే ఎవరికి నష్టం" అని వెక్కిరించడానికి మాత్రం ప్రతివాడూ ముందుంటాడు. మూడేళ్లుగా వింటున్నాను, మెత్తగా రాయడం నా వల్ల కాదు.

గట్టుమీద కొంగ:

మిరప గారూ, కాస్త నవ్వండి. ఇది మీకోసమే.

'ఏమి తిందువు గడ్డియా?' యెఱుకలేక
పెండ్లి పంక్తిలోఁ బదిమంది వెక్కిరింప
గడ్డి తిను నావుఁ జూపించి కన్నుఁ గొట్టె
పాలు మానినవాఁడె గోపాలసఖుఁడు

ఎర్రమిరప:

ఈ గడ్డి ప్రశ్న నన్ను అడగని పెళ్లి లేదు. నవ్వించారు.

అరసున్న:

పద్యం బాగుంది. అయితే ఫంక్షన్ హాల్లో వడ్డన పంక్తి పక్కన ఆవు ఎక్కడి నుంచి వచ్చింది?

నిర్వాహకుడు:

మంచి పట్టు పట్టారు. గృహప్రవేశం చేస్తే ఆవు దానంతటదే వస్తుంది. రెండో పాదం "క్రొత్త యింటిలో విందునఁ గొందఱనఁగ" అందామా? క్రొ-గొ యతి చెల్లుతుంది. వెక్కిరింపు అనే మాట పోతుంది గానీ మొదటి పాదంలోని ప్రశ్నే వెక్కిరింపు కదా, మళ్లీ చెప్పక్కర్లేదు. ఆవును చూపించి "కన్నుఁ గొట్టె" అని ఊరుకోవడంలోనే ఉందంతా. అక్కడ ఒక్క ఉపన్యాసం వినిపించినా పద్యం చచ్చేది.

గట్టుమీద కొంగ:

మార్చేశాను గురువుగారూ. ఆవు కూడా లోపలికొచ్చింది.

కందిపొడి:

నేను పాలు మానలేదు, మానను కూడా. పొద్దున కాఫీ పడకపోతే నాకు తల తిరుగుతుంది. కానీ గేదెలున్న ఇంట్లో పుట్టాను. గేదె చేపాలంటే, అంటే పొదుగులోకి పాలు దించాలంటే, ముందు దూడ కుడవాలి. నాలుగు గుక్కలు కుడిచి నురగ కనబడగానే మెడతాడు పట్టి లాగి గుంజకు కట్టేసేవాళ్లం. ఆ లాగే పని చిన్నప్పుడు నాదే. దూడ చచ్చిపోతే తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెట్టేవారు. అది దాన్ని నాకుతూ నాకుతూ చేపేది. ఈనిన నాలుగు రోజుల్లో వచ్చే జున్నుపాలు దూడకు కాస్త వదిలి మిగతావి వీధంతా పంచేవాళ్లం. జున్ను నాకిప్పటికీ ఇష్టమే.

భాగవతం దశమ స్కంధంలో గోపికలు యశోద దగ్గరకు వచ్చి పిల్లాడి మీద చాడీలు చెబుతారు గదా. వాటిలో ఒకటి, పాలు పిండే వేళ కాకుండానే దూడలను విప్పి తల్లుల దగ్గరకు వదిలేస్తున్నాడని. ఈ సమస్య చూడగానే నాకదే తట్టింది.

పాలు పిండెడి వేళకు ముందె వచ్చి
క్రేపులను విప్పి తల్లుల కేసి విడిచె
కుండ వెలితైన గొణఁగక కూర్మి నిలిపి
పాలు మానినవాఁడె గోపాలసఖుఁడు

అరసున్న:

మొదటి పాదంలో యతి పోయింది. పా-ము కుదరదు. ప్రాసయతి కూడా లేదు.

నిర్వాహకుడు:

యతి పోయింది, అవును. "పాలు పిండకముందె తాఁ బాఱివచ్చి" అంటే సరిపోతుంది. పా-బా. పైగా "పాఱివచ్చి"లో పిల్లాడి పరుగు కూడా వచ్చింది.

ఇక అసలు విషయం. వచ్చిన పూరణల్లో సమస్యను లోపలి నుంచి విప్పింది ఇదొక్కటే. మిగతావాళ్లమంతా వెన్నదొంగను పక్కకు తప్పించి సఖుణ్ని వెతుక్కున్నాం. ఈవిడ ఆ గోపాలుడి అల్లరిలోనే పాలు దూడకు వదిలేసిన పూటను పట్టుకున్నారు. వెన్న తిన్నదీ అతడే, దూడను విప్పిందీ అతడే. దేన్నీ దాచక్కర్లేదు. ఇంకో మాట, "గొణఁగక" అన్న పదం రెండు పక్కలా తగులుతోంది. కుండ వెలితైందని గొణిగే ఇంటివాళ్లకూ, లోకమంతా మారలేదని గొణిగే మిరపలకూ.

ఎర్రమిరప:

తగిలింది లెండి. పాలు తాగే ఆవిడ రాసిన పద్యం నాకన్నా బాగా వాదించిందంటే ఒళ్లు మండుతోంది, కానీ బాగుంది.

సర్వపిండి:

కందిపొడి అక్కా, మీ పద్యం మా తాతకు చదివి వినిపించాను. దశమ స్కంధం ఆయనకు సగం కంఠతా. "ఆ ఘట్టం నాకు తెలీదనుకున్నావా" అని మొదలెట్టి అరగంట భాగవతం చెప్పాడు. పెరుగు ఊసే ఎత్తలేదు. శ్రీరామనవమికి పానకం, వడపప్పు, పులిహోర చాలు, పాయసం కొబ్బరిపాలతో వండిద్దాం అని ఆయనే అన్నాడు. పల్లీ పెరుగు మాత్రం తన కంచం దగ్గరకు తేవద్దన్నాడు.

కందిపొడి:

అది నా దగ్గరకూ తేకు తమ్ముడూ.

నిర్వాహకుడు:

ఈ వారం మొదటి స్థానం కందిపొడి గారికి, సవరించిన మొదటి పాదంతో. రెండోది గట్టుమీద కొంగకు. కృష్ణాతీరం గారు కుచేలుణ్ని మార్చకపోయినా నడకకు మార్కులు పోవు.

వచ్చే వారానికి ఆటవెలది సరిపాదం (రెండోది గానీ నాలుగోది గానీ):

"ఆవకాయఁ జూచి యాకు నవ్వె"

విస్తరాకు ఎందుకు నవ్విందో ఆదివారం లోపల చెప్పండి. పక్కన నెయ్యి ఉందో లేదో మీ ఇష్టం.