ఎస్ఆర్ (మందును మెల్లగా వదిలే) మాత్రను సగానికి విరిచి వేయొచ్చా? (మోకాళ్ల అరుగుదల, బీపీ కూడా ఉంది)

ప్రశ్న (కోడంబాక్కం, చెన్నై):
అమ్మకు 68 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి. పొద్దున టిఫిన్ తిన్నాక ఎసిక్లోఫెనాక్ ఎస్ఆర్ 200 మి.గ్రా. నొప్పి మాత్ర ఒకటి వేస్తున్నాం. తెల్లవారుజాముకల్లా నొప్పి మళ్లీ పట్టేస్తోంది. అదే మాత్రను విరిచి సగం పొద్దున, సగం రాత్రి ఇవ్వొచ్చా? బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బిళ్ల వాడుతోంది.

జవాబు 1:
విరవకండి. ఎస్ఆర్ మాత్రలో మందును మెల్లగా వదిలేది దాని తయారీయే. విరిచినా నమిలినా ఆ కట్టు తెగి, రోజంతా రావాల్సిన మందు తొందరగా దిగిపోతుంది. కడుపులో మంట ఎక్కువవుతుంది, తెల్లవారుజాము నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. రెండు పూటలా కావాలంటే మామూలు ఎసిక్లోఫెనాక్ 100 మి.గ్రా. ఉంది, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. మొత్తం అదే 200. డాక్టరుగారినడిగి చీటీ మార్పించుకోండి. దాని మీద డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి వేరే నొప్పి మాత్రలేవీ కలపొద్దు.

జవాబు 2:
విరవడం కన్నా ఆ బీపీ బిళ్ల గురించే నాకు ఎక్కువ భయం. నొప్పి మాత్ర కిడ్నీలోకి రక్తం వచ్చే నాళాన్ని బిగిస్తుంది, టెల్మిసార్టాన్ బయటికెళ్లే నాళాన్ని వదులు చేస్తుంది, హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో నీరు తగ్గిస్తుంది. మూడూ కలిస్తే వడపోతకు కావాల్సిన ఒత్తిడే పడిపోతుంది. అగ్ని నక్షత్రం (నడివేసవి) ఎండల్లో, విరేచనాలప్పుడు మరీ ప్రమాదం. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపేది), పొటాషియం పరీక్ష వెంటనే చేయించండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు నొప్పి మాత్ర ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. మలం నల్లగా వచ్చినా, పాదాలు వాచినా, మూత్రం తగ్గినా అంతే. బీపీ బిళ్ల మీరుగా మాత్రం ఆపొద్దు.

అడిగినవారు:
మెడికల్ షాపులో ఎటోరికాక్సిబ్ 90 మి.గ్రా. అనే వేరే నొప్పి మాత్ర ఇస్తామంటున్నారు, 24 గంటలూ పనిచేస్తుందట.

జవాబు 2:
ఒంట్లో చాలాసేపు ఉండే మాట నిజమే. కానీ మోకాళ్ల అరుగుదలకు 30 మి.గ్రా., మహా అయితే 60. 90 ఎక్కువ. బీపీ 140/90 దాటి నిలబడిపోతే అసలు వద్దు. కిడ్నీ భయం దీనికీ ఉంది.

జవాబు 3:
మోకాలికి ముందు డైక్లోఫెనాక్ జెల్ సరిగ్గా వాడి చూడండి, మాత్రతో పోలిస్తే రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. చాలామంది బఠానీ గింజంత రాసి పనిచేయలేదంటారు. ఒక మోకాలికి విడతకు 2 నుంచి 4 గ్రాములు, రోజుకు 3, 4 సార్లు. ఈ లెక్కన 30 గ్రాముల ట్యూబు రెండు మోకాళ్లకు ఒకటి నుంచి రెండున్నర రోజులే వస్తుంది, ఖర్చు ముందే చూసుకోండి. మాత్ర కూడా కొనసాగించాలా అన్నది డాక్టరుగారే తేల్చాలి. జెల్ రాసిన చోట గంటసేపు నీళ్లు పడనివ్వకండి, వేడి కాపడం పెట్టకండి.