కాలు పోయిన లారీ డ్రైవరు హెవీ డ్రైవింగ్ నేర్పొచ్చా, నేర్పకూడదా?

గుత్తి డ్రైవర్:
నేను 16 ఏళ్లు హెవీ తోలాను. ఎర్రగుంట్ల సిమెంటు, బేతంచెర్ల నాపరాళ్లు, ఎక్కువగా బెంగళూరు, చెన్నై ట్రిప్పులు. మూడేళ్ల కిందట ఒకచోట అన్‌లోడింగ్ జరుగుతుంటే బండలు జారి ఎడమ కాలి మీద పడ్డాయి, మోకాలి కింద తీసేశారు. సదరం సర్టిఫికెట్‌లో 60 శాతం వైకల్యం అని రాశారు. ఇప్పుడు కృత్రిమ కాలుతో నడుస్తాను, కేబిన్ కూడా ఎక్కుతాను, ముందులాగా దూకి దిగలేను అంతే. అనంతపురం వైపు ఒక స్కూల్లో లారీ నేర్పే మనిషి కావాలంటే పోయాను. ఓనరు టీ ఇప్పించి గంటసేపు మాట్లాడాడు, లోడు బండిని ఘాట్‌లో ఎట్లా దించాలో నాతో చెప్పించుకుని విన్నాడు. లేచి నిలబడేటప్పుడు నా నడక చూసి, "అన్నా, నీకు తెలిసినంత నా దగ్గరున్న వాళ్లకు తెలీదు, కానీ నేర్చుకోవడానికొచ్చే పిల్లోళ్ల ఇంట్లోవాళ్లు చూస్తే ఏమంటారో" అన్నాడు. నెలకు 6,000 పెన్షన్ వస్తోంది, కాదనను, కానీ నాకు కావలసింది పని. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి, నేను అడుగుతున్నది తప్పా?

కడప స్టీరింగ్:
అన్నా, బాధపడొద్దు, నేనూ కడపలో 11 ఏళ్లుగా స్కూలు నడుపుతున్నవాడినే కాబట్టి నేరుగా చెబుతున్నా. నేను కూడా తీసుకోను. నేర్పేవాడు ఎడమవైపు సీట్లో ఊరికే కూర్చోడు, వాడి కాళ్ల కిందా బ్రేకు, క్లచ్ ఉంటాయి. మొదటి వారం పిల్లోడికి టెన్షన్‌లో బ్రేకు బదులు యాక్సిలరేటర్ మీద కాలు పడుతుంది, ఆ క్షణం బండి మన కాళ్లలో ఉంటుంది. ఖాళీ గ్రౌండులో అయితే సరే. గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు నువ్వు బ్రేకు తొక్కి క్లచ్ తొక్కలేకపోతే ఇంజిన్ ఆగిపోతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, లారీ బ్రేకు పనిచేసేదే గాలితో, గాలి నింపే కంప్రెసర్ ఆగితే ట్యాంకులో మిగిలిన గాలి ఎన్నిసార్లు తొక్కడానికి సరిపోతుందో నీకే తెలుసు. అక్కడ ఎన్ని లారీలు బోల్తా పడ్డాయో రాయచోటి రోడ్డు మీద తిరిగేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇది చులకన కాదు, నాకు భయం.

రిటైర్డ్ బ్రేక్ ఇన్‌స్పెక్టర్, కర్నూలు:
భయం వేరు, చట్టం వేరు, ముందు ఆ రెండిటినీ విడదీద్దాం. డ్రైవింగ్ స్కూలు లైసెన్సుకు 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 24వది చూడండి. నేర్పేవాడికి పదో తరగతి, కనీసం 5 ఏళ్ల డ్రైవింగ్ అనుభవం, మోటారు మెకానిక్స్‌లో సర్టిఫికెట్ ఉండాలి, ట్రాఫిక్ గుర్తులు తెలిసి ఉండాలి, బండి భాగాలు ఏవి ఎట్లా పనిచేస్తాయో చూపించి చెప్పగలగాలి. రెండు కాళ్లుండాలని ఆ అర్హతల్లో లేదు. కానీ తమ్ముడూ, నీ హెవీ లైసెన్సు సంగతి ముందు చూసుకో. 1988 చట్టం 16వ సెక్షన్ కింద వైకల్యం వల్ల నడపలేడనిపిస్తే లైసెన్సు రద్దు చేసే అధికారం ఆర్టీఓ ఆఫీసుకు ఉంది, రెన్యువల్‌కు డాక్టరు దగ్గర ఫారం 1ఎ, అంటే మెడికల్ సర్టిఫికెట్, రాయించుకోవాలి. కాలు సంగతి దాచిపెట్టి రెన్యువల్ చేయించొద్దు, రేపు ఏదైనా జరిగితే స్కూలు కూడా మునుగుతుంది. నువ్వే ముందుగా వెళ్లి చెప్పు, బండి నడిపి చూపించు. మెకానిక్ సర్టిఫికెట్ ఉందా?

గుత్తి డ్రైవర్:
ఉంది సార్, ఐటీఐ డీజిల్ మెకానిక్ చేశాను. లైసెన్సు ఇంకో ఏడాదిన్నర ఉంది, ఆఫీసుకు ఇప్పటిదాకా పోలేదు, పోవాలి, మీరు చెప్పింది నిజం.

తాడిపత్రి లారీ ఓనర్:
నాకు నాలుగు బండ్లున్నాయి, డ్రైవర్లు దొరక్క రెండు షెడ్డులోనే ఉన్నాయి. దొరికినోడికి రివర్స్ రాదు. లైసెన్సు మాత్రం ఉంటుంది! పోయిన నెల ఒక కుర్రాడు డీజిల్ మిగులుతుందని ఘాట్‌లో బండిని న్యూట్రల్ చేసి కిందికి దించి, బ్రేకు డ్రమ్ములు పొగలు కక్కేదాకా తెచ్చుకున్నాడు. వాడికి ఎవడూ చెప్పలేదు, చెప్పేవాడు లేడు. 16 ఏళ్లు తోలిన మనిషి ఇంట్లో కూర్చుంటే ఆ విద్య ఎవరికి పనికొస్తుంది? కడప అన్న చెప్పిన ఘాట్ సంగతి ఒప్పుకుంటా, కానీ నేర్పడమంటే ఘాట్ ఒక్కటేనా?

గుత్తి డ్రైవర్:
పోయిన ఆదివారం సంగతి చెబుతాను. మా అక్క కొడుకు హెవీ నేర్చుకుంటున్నాడు, బండల యార్డులో రివర్స్ కుదరక చెమటలు పడుతున్నాయి. నేను కింద కుర్చీ వేసుకుని కూర్చున్నా. వాడు అద్దంలో బంపర్ వైపు చూస్తున్నాడు. "రేయ్, బంపర్ కాదు, వెనక టైరు చూడు, టైరు పోయిన దారినే బాడీ పోతుంది" అన్నా. ఒక నాపరాయి మీద సుద్దముక్కతో గీసి చూపించా, స్టీరింగ్ ఎంత తిప్పితే వెనక టైరు ఎక్కడ తేలుతుందో. మూడోసారికి పెట్టాడు. తర్వాత ఇంజిన్ ఆపేసి బ్రేకు తొక్కి పట్టుకోమన్నా, చెవి పెట్టి విన్నా, వెనక బ్రేకు చాంబర్ దగ్గర గాలి సన్నగా లీకవుతోంది. వాడు రోజూ గేజి ముల్లు చూస్తాడు కానీ చెవి పెట్టడు. ఇవన్నీ నేను కాలుతో నేర్పినవి కాదు.
కడప అన్నా, నువ్వు అడిగిన క్లచ్ గురించి నిజం చెప్పాలి. కృత్రిమ కాలితో తొక్కగలను, బలం సరిపోతుంది, కానీ అరికాలికి స్పర్శ లేదు. పెడల్ మీద ఉందో పక్కన నేల మీద ఉందో మోకాలి కింద మిగిలిన మొండికి తగిలే ఒత్తిడిని బట్టి తెలుసుకోవాలి, మొదట్లో వంగి చూసుకునేవాడిని. ఇప్పుడు చూడకుండా పెడుతున్నా. ఘాట్‌లో పిల్లోడు భయంతో బిగుసుకున్నప్పుడు కూడా అంతే త్వరగా పెడతానా అంటే, ఇంకా పరీక్షించి చూసుకోలేదు.

పోలియో అక్క, అనంతపురం:
నాకు చిన్నప్పుడే పోలియో, కాలికి ఆసరాగా కాలిపర్ వేసుకుంటాను. ఒక డ్రైవింగ్ స్కూల్లో ఆరేళ్లు ట్రాఫిక్ గుర్తులు, రోడ్డు నియమాల క్లాసులు చెప్పాను. తమ్ముడూ, నీ నిజాయితీ చూసి ముచ్చటేసింది, ఆ నిజాయితీనే నిన్ను మూలకు నెట్టడానికి వాడుకుంటారేమోనని భయం కూడా వేసింది. "క్లాసు చెప్పు చాలు, బండెక్కొద్దు" అని నాకూ అన్నారు, ఆరేళ్లూ జీతం పెరగలేదు, ఎందుకంటే బండెక్కేవాళ్లదే అసలు పని అట. తాడిపత్రి అన్న మంచి మనసుతోనే అన్నా యార్డుకు, క్లాసుకు సరిపెట్టడం కూడా ఒక గోడే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో, న్యాయమైన అవసరానికి తగినంత మేరకే అని చూపించగలిగితే తప్ప వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదని ఉంది. అంటే కాలును చూసి తీర్పు చెప్పకూడదు, ఆ మనిషి ఆ సీట్లో ఏం చేయగలడో పరీక్ష పెట్టి చూడాలి. రంగులు గుర్తుపట్టలేడని తెలంగాణ ఆర్టీసీ పక్కనపెట్టిన డ్రైవరుకు వేరే ఉద్యోగం ఇవ్వాల్సిందేనని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది కదా. అది ప్రభుత్వ సంస్థ, నిజమే, ప్రైవేటు స్కూలుకు ఆ తీర్పు నేరుగా వర్తించదు, కానీ మనిషిని తీసేసే ముందు ఇంకేం చేయగలడో వెతకాలన్న మాట ఎవరికైనా ఒకటే.

కడప స్టీరింగ్:
అక్కా, జీతం మాట చదివి మనసు చివుక్కుమంది, మా స్కూల్లోనూ క్లాసు చెప్పేవాళ్లకు తక్కువే ఇస్తున్నాం, అది తప్పే. పరీక్ష పెట్టాలన్నది కూడా ఒప్పుకుంటా, నేను చూడకుండానే తీసుకోనన్నాను. ఘాట్ విషయంలో మాత్రం మాట మార్చను. పిల్లోడి ప్రాణం, ఎదురుగా వచ్చే బైకు వాడి ప్రాణం, స్పర్శ తెలియని కాలికి అప్పజెప్పలేను. ఆటోమేటిక్ గేర్ల బండి ఉంటే వేరే మాట, దాంట్లో క్లచ్ పెడలే ఉండదు, బ్రేకు కుడికాలితో తొక్కుతావు. అట్లాంటి బండి కొనే స్తోమత ఇప్పుడు నాకు లేదు.

రిటైర్డ్ బ్రేక్ ఇన్‌స్పెక్టర్, కర్నూలు:
2021 జులై నుంచి అమల్లో ఉన్న గుర్తింపు శిక్షణ కేంద్రాల నిబంధనలు చూడండి. హెవీకి 2 ఎకరాల స్థలం, సిమ్యులేటర్ (తెర ముందు కూర్చుని నిజం బండిలాగే తోలి నేర్చుకునే యంత్రం), టెస్ట్ ట్రాక్ ఉండాలి, 6 వారాల్లో 38 గంటల కోర్సు, అందులో పాఠాలూ ఉన్నాయి, బండి మీద నేర్పడమూ ఉంది. సిమ్యులేటర్ దగ్గర పిల్లోడిని ఘాట్‌లో పదిసార్లు బోల్తా కొట్టించి ఎందుకు కొట్టిందో చెప్పేవాడు అనుభవమున్న డ్రైవరు కాకపోతే ఇంకెవరు? నా సర్వీసులో టెస్టుకొచ్చినవాళ్లలో ఎక్కువమంది తప్పింది స్టీరింగ్ రాక కాదు, చూపు ఎక్కడ పెట్టాలో తెలియక.

చాగలమర్రి అమ్మ:
మా పెద్దోడు హెవీ నేర్చుకుంటున్నాడు. ఓనర్లు తల్లిదండ్రులు ఏమంటారో అని మా పేరు చెబుతున్నారు కాబట్టి రాస్తున్నా. నన్నెవరూ అడగలేదు. వాళ్ల నాయన లారీలోనే పోయినాడు, బ్రేకు పట్టక. కాలు లేదని నేను ఎందుకు భయపడతాను నాయనా, రాత్రి నిద్రపోకుండా తోలడం తప్పని నా కొడుక్కి చెప్పేవాడు ఉంటే చాలు. ఘాట్‌కు మాత్రం వేరే ఆయన పక్కన కూర్చోవాలి, అంతే నేను అడిగేది.

గుత్తి డ్రైవర్:
అమ్మా, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇక్కడ అందరూ చెప్పింది ఆ స్కూలు ఓనరుకు ఈరోజు ఫోన్ చేసి చెప్పాను. పాఠాలు, సిమ్యులేటర్, యార్డు నాకిచ్చి, ఘాట్ వేరేవాళ్లకు ఇవ్వమన్నా, జీతం మాత్రం బండెక్కేవాళ్లతో సమానంగా ఉండాలన్నా. ఊరి రోడ్డు మీద ఎడమ సీటు ఇవ్వాలా వద్దా అన్నదానికి పరీక్ష పెట్టమన్నా. సోమవారం పొద్దున 6కి ఖాళీ బండి తెస్తానన్నాడు, ఆయనే స్టీరింగ్ పట్టుకుని కొత్తవాడిలా తోలతాడట, ఎప్పుడు యాక్సిలరేటర్ తొక్కేస్తాడో ముందు చెప్పడట. కడప అన్నా, క్లచ్ కూడా అట్లాగే ఇరవైసార్లు చూడమని నేనే అడిగాను. ఆర్టీఓ ఆఫీసుకు మంగళవారం పోతాను.