పన్ను పెంచనన్నోడికి ఓటేయాలా, పెంచుతానన్నోడికా? (కౌన్సిల్ ఎన్నికల చర్చ)

గళ్ళచొక్కా:
సిటీ కౌన్సిల్ ఎన్నికలొస్తున్నాయి, ఇటు చూస్తే ఉద్యోగాలు పోయి ఇంటి వాయిదాలు కట్టలేక జనం అల్లాడుతున్నారు. మా ఊళ్ళో ఇద్దరు నిలబడ్డారు. ఒకాయన ఇంటిపన్ను పైసా పెంచను అంటాడు, రెండో ఆయన కాస్త పెంచుతా కానీ లైబ్రరీ మూయను, చెత్తబండి ఆపను అంటాడు. నా ఓటు మొదటాయనకే. జీతమే రానోడి దగ్గర పన్నేంటండీ అసలు? మన ఇంట్లో రాబడి తగ్గితే ఖర్చు తగ్గించుకుంటాం కదా, సిటీ కూడా తగ్గించుకోవాలి. కాదన్నోళ్ళు చెప్పండి.

పద్దుపుస్తకం:
ఇంటితో పోల్చడం దగ్గరే తేడా కొడుతోంది గురూగారు. రాబడి తగ్గితే మీరు సినిమా మానేస్తారు, సరిపోతుంది. సిటీకి రాబడి తగ్గిన ఏడాదే పని పెరుగుతుంది, కారు అమ్ముకున్నోడు బస్సెక్కుతాడు, ఉద్యోగం పోయినోడు అప్లికేషన్లు పెట్టుకోడానికి లైబ్రరీకొస్తాడు, ఇల్లు పోయినోడికి నీడ చూపించాలి. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. అమ్మకం పన్ను వెంటనే పడిపోతుంది, ఇంటిపన్ను మాత్రం ఏడాదో రెండేళ్ళో ఆలస్యంగా తగ్గుతుంది, ఎందుకంటే ఇళ్ళ విలువ మళ్ళీ కట్టేదాకా పాత లెక్కే నడుస్తుంది. అందుకని ఎన్నికలప్పుడు సిటీ పద్దు బానే కనబడుతుంది, గెలిచినాయన కుర్చీలో కూర్చున్నాక అసలు చిల్లు బయటపడుతుంది.

గళ్ళచొక్కా:
సరే, మరి కోయడానికి ఏమీ ఉండదంటారా? ఆఫీసుల్లో ఏసీలు, కొత్త కార్లు, ఫారిన్ స్టడీ టూర్లు?

పద్దుపుస్తకం:
కోయండి, నేను వద్దన్నానా. కాకపోతే జీతాలు, పింఛన్లు, అప్పు మీద వడ్డీ, ఈ మూడూ పక్కన పెట్టాక మిగిలేది చిన్న ముక్క. కత్తి ఎప్పుడూ ఆ ముక్క మీదే పడుతుంది. ముందు రోడ్ల రిపేర్లు, పైపుల మార్పిడి వాయిదా వేస్తారు, ఎందుకంటే పైపు ఓటెయ్యదు, ధర్నా చెయ్యదు. పగిలినరోజు మాత్రం వీధంతా తవ్వాలి.

నిద్రపట్టనోడు:
మా లైబ్రరీ తలుపు మీద టైమింగ్స్ కాగితం ఒకటి ఉంటుంది. పాతది పీకరు, దాని మీదే కొత్తది అంటిస్తారు. మొన్న చివర ఊడి వేలాడుతుంటే చూశా, కింద ఇంకో మూడు పొరలు, రాత్రి 9 దాకా, 8 దాకా, 6 దాకా, ఇప్పుడు వారానికి నాలుగు రోజులే. ఒక్కసారి కూడా "మూసేస్తున్నాం" అనలేదు ఎవరూ. ఇలా చేసినోళ్ళంతా "పన్ను పెంచం" అని గెలిచినోళ్ళే!

చలిచీమ:
మీ ఇద్దరూ మూడో రకం నాయకుణ్ణి మర్చిపోయారు. పన్ను పెంచడు, సర్వీసూ కొయ్యడు, ఉన్నది అమ్మేస్తాడు 🙂 షికాగో సంగతి తెలుసు కదా. 2008 డిసెంబర్, ఆర్థిక సంక్షోభం నెత్తిమీదుంది, బడ్జెట్లో చిల్లుంది. అప్పటి మేయర్ రోడ్డు పక్క పార్కింగ్ మీటర్లు, సుమారు 36 వేలు, 75 ఏళ్ళకి ప్రైవేటు కంపెనీకి లీజుకిచ్చేద్దాం అన్నాడు, 115 కోట్ల డాలర్లు ఒకేసారి వస్తాయన్నాడు. కౌన్సిల్ కొద్ది రోజుల్లోనే 40-5 తేడాతో ఊ కొట్టేసింది. మరుసటేడాది సిటీ సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే (పోలీసు కాదు, సిటీ పనుల మీద నిఘా పెట్టే అధికారి) లెక్కేసి, దాదాపు 97 కోట్ల డాలర్లు తక్కువకిచ్చేశారు అన్నాడు. వచ్చిన డబ్బులో చాలాభాగం కొన్నేళ్ళకే అయిపోయింది, లీజు మాత్రం 2083 దాకా ఉంది. ఊరేగింపు కోసం సొంత వీధి మూసినా సిటీ ఆ కంపెనీకి పరిహారం కట్టాలి! విత్తనాల బస్తా విప్పి వండుకున్నట్టే కదా. అప్పుడు కూడా జనానికి చెప్పింది "పన్ను పెంచకుండా గట్టెక్కించాం" అనే.

గళ్ళచొక్కా:
బావుంది, కానీ పన్ను ఇచ్చేస్తే సర్దుకుంటుందన్న గ్యారంటీ ఏది అన్నా? కాలిఫోర్నియాలో బెల్ అనే చిన్న ఊరు, జనాభా 40 వేల లోపు, పేదోళ్ళే ఎక్కువ, ఇంటిపన్ను రేటు చుట్టుపక్కల చాలా ఊళ్ళకంటే ఎక్కువ. 2010లో బయటపడిందేంటంటే సిటీ మేనేజర్ (ఊరి పనులు నడపడానికి కౌన్సిల్ పెట్టుకున్న అధికారి) జీతం ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్లు, పార్ట్‌టైమ్ కౌన్సిల్ మెంబర్లలో ఎక్కువమందికి దాదాపు లక్ష చొప్పున. పెంచింది అలా పోతే? మేనేజర్ జైలుకెళ్ళాడు సరే, జనం కట్టింది కట్టిందే.

పద్దుపుస్తకం:
బెల్ కథలో సగమే చెప్పారు. ఆ జీతాలకి దారి తెరిచింది 2005లో పెట్టిన ఒక ప్రత్యేక ఓటింగ్, ఊరికి సొంత చార్టర్, అంటే ఊరు నడిచే సొంత నిబంధనల పత్రం, పెట్టుకుందామని. దాంతో కౌన్సిల్ జీతాల మీద రాష్ట్రం పెట్టిన పరిమితి వర్తించకుండా పోయింది. ఆరోజు పడిన ఓట్లు 400 కూడా లేవు. అది పన్ను చేసిన పాపం కాదండీ, ఇంట్లో కూర్చున్నవాళ్ళది.

చలిచీమ:
పెంచకుండా నెట్టుకొస్తే ఏమవుతుందో బర్మింగ్‌హామ్ చూడండి, ఇంగ్లండుది. మహిళా ఉద్యోగులకి సమాన జీతం బకాయిలు ఏళ్ళ తరబడి పేరుకున్నాయి, దానికి తోడు కొత్త కంప్యూటర్ సిస్టం ఖర్చు చేతులు దాటింది, 2023 సెప్టెంబర్లో ఇక డబ్బుల్లేవని చేతులెత్తేశారు. 2024లో కౌన్సిల్ పన్ను (అక్కడి ఇంటిపన్ను లాంటిది) దాదాపు 10 శాతం పెంచారు, మామూలుగా అయితే అక్కడ 5 శాతం దాటాలంటే జనాన్ని ఓటు అడగాలి. సర్వీసులూ కోశారు. అంటే రెండూ ఒకేసారి పడ్డాయి.

గళ్ళచొక్కా:
అది పన్ను పెంచకపోవడం వల్ల వచ్చింది కాదు కదా, బాకీ దాచడం వల్ల వచ్చింది. మీ ఉదాహరణ నా వైపే పనిచేస్తోంది!

చలిచీమ:
ఒప్పుకుంటా. అయితే అడగాల్సిన ప్రశ్న మారింది. పెంచుతావా పెంచవా కాదు, బాకీ ఎంతుంది, నువ్వు చూపిస్తున్న డబ్బు ఏటా వచ్చేదా, ఒక్కసారి వచ్చి ఆగిపోయేదా?

గళ్ళచొక్కా:
నిన్న సాయంత్రం మీటింగ్‌లో ఇదే అడిగా, చెయ్యెత్తి, మా మొదటాయన్ని. నవ్వి "సమర్థతతో పొదుపు చేస్తాం" అన్నాడు. ఎంత అన్నా. పక్కనున్న కుర్రాడి వైపు చూశాడు, కుర్రాడు ఫైలు తిప్పుతూనే ఉన్నాడు, మైకు వేరేవాళ్ళకిచ్చేశారు. రెండో ఆయన అంకె చెప్పాడు, ఇంటికి నెలకి ఎంత పడుతుందో కూడా చెప్పాడు, హాల్లో సగంమంది గొణిగారు. నేనూ గొణిగా, అబద్ధమెందుకు. ఇంకా తేల్చుకోలేదు.